స్క్రిప్ట్ నా దగ్గర పనిచేస్తోంది, డెబ్ ప్యాకేజీగా ఇస్తే ఉబుంటులో మాత్రం "[[: నాట్ ఫౌండ్" అంటోంది, ఎందుకు?

బైనరీని, దాని లైబ్రరీలని /ఆప్ట్ కింద పెట్టి, పైన చిన్న ర్యాపర్ స్క్రిప్ట్ (అసలు ప్రోగ్రామ్‌ని పిలిచే స్క్రిప్ట్) రాసి ప్యాకేజీ చేశానన్నారు కదా. తప్పు మొదటి లైన్‌లోనే ఉంది. అక్కడ /బిన్/ఎస్‌హెచ్ అని రాసి కింద బాష్ లాంటి కొన్ని షెల్స్‌కే (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌లకే) తెలిసిన [[ వాడారు. ఉబుంటులో 6.10 నుంచీ, అంటే 2006 నుంచీ, ఆ ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్ అనే వేరే షెల్. మీరేమో టెర్మినల్‌లో "బాష్" అని ముందు కొట్టి నడిపి చూసుకుని ఉంటారు, అలా నడిపితే మొదటి లైన్‌ని ఎవరూ పట్టించుకోరు. ఇంకో చిక్కేంటంటే ఇఫ్ లోపల ఈ ఎర్రర్ వస్తే స్క్రిప్ట్ ఆగదు, కండిషన్ తప్పు అనుకుని ఎల్స్ లోకి వెళ్ళిపోతుంది. మొదటి లైన్‌ని బాష్‌కి మార్చండి, లేదా మామూలు [ తో సరిపెట్టుకోండి.

ఇది సరిచేశాక మీకు తగలబోయేవి కూడా చెప్తాను, నాకు అన్నీ తగిలాయి కాబట్టి.

ఆఫీసులో పీడీఎఫ్‌లు మార్చే టూల్ ఒకదానికి ఇలాగే ర్యాపర్ రాశాను, ఆర్గ్యుమెంట్లు పంపడానికి $* పెట్టాను. నా టెస్ట్ ఫైల్ పేరు ఒక్క అక్షరం. అకౌంట్స్ వాళ్ళ ఫైలు "కరెంటు బిల్లు మార్చి.పీడీఎఫ్". టూల్‌కి మూడు ఫైళ్ళు అందాయి, ఒక్కటీ దొరకలేదు. రెండు రోజులు సీ++ కోడ్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను! కోట్స్‌తో సహా "$@" అని రాయాలి, అంతే. దాని ముందు ఎగ్జెక్ కూడా పెట్టండి, అప్పుడు షెల్ తప్పుకుని ఆ ప్రాసెస్‌లోకి మీ ప్రోగ్రామే వస్తుంది. లేకపోతే డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని కంటైనర్లలో నడిపే టూల్‌లో) స్టాప్ కొట్టినప్పుడు ఆగమనే సిగ్నల్ షెల్ దగ్గరే ఆగిపోతుంది, డాకర్ 10 సెకన్లు చూసి మొత్తాన్ని బలవంతంగా చంపేస్తుంది.

లైబ్రరీలని ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డి_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తున్నారా? పాత విలువ ఖాళీగా ఉండి చివర కోలన్ మిగిలిపోతే, సిస్టమ్ దాన్ని "ప్రస్తుతం ఉన్న ఫోల్డర్" అని చదువుకుంటుంది, అది మంచిది కాదు. పైగా మీ ప్రోగ్రామ్ తెరిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ అదే అంటుకుంటుంది. మా టూల్‌లో హెల్ప్ నొక్కితే బ్రౌజర్ మా పాత లైబ్రరీలు పట్టుకుని చచ్చిపోయేది. ప్యాచ్‌ఎల్ఫ్ అనే టూల్‌తో ఆర్‌పాత్‌ని (బైనరీలోనే రాసి ఉండే లైబ్రరీల దారిని) $ఆరిజిన్‌కి, అంటే బైనరీ ఉన్న ఫోల్డర్‌కి, పెట్టుకుంటే ఈ వేరియబుల్ గొడవే ఉండదు, కొన్నిసార్లు ర్యాపర్ అవసరం కూడా ఉండదు.

బిల్డ్ స్క్రిప్ట్‌లో నన్ను నిజంగా ముంచింది మాత్రం టీ కమాండ్, అవుట్‌పుట్‌ని స్క్రీన్ మీదా ఫైల్‌లోనూ రెండు చోట్లా రాసేది. లాగ్ ఉంటుంది కదా అని మేక్ అవుట్‌పుట్‌ని పైప్‌లో టీకి ఇచ్చాను, పైన సెట్ -ఈ (ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్ ఆగాలి అనేది) కూడా ఉంది, ధైర్యంగానే ఉన్నాను. మేక్ ఫెయిలైంది. కానీ పైప్‌లో లెక్కలోకి వచ్చేది చివరి కమాండ్ ఫలితం, టీకి ఏ కష్టమూ రాలేదు, దాంతో స్క్రిప్ట్ ముందుకెళ్ళి పాత బైనరీకే కొత్త వెర్షన్ నంబర్ తగిలించి ప్యాకేజీ చేసింది. కస్టమర్ "ఆ బగ్ అలాగే ఉందండీ" అని ఫోన్ చేసేదాకా మాకెవరికీ తెలీదు. బాష్‌లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ పెట్టండి, అప్పుడు పైప్‌లో ఏది ఫెయిలైనా ఫెయిల్ కిందే లెక్క, బిల్డ్‌కి ముందు పాత అవుట్‌పుట్ ఫోల్డర్ తీసేయండి.

షెల్ స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ నడిపితే ఆ [[ సంగతి, $* సంగతి అదే చెప్తుంది, టీ సంగతి చెప్పదు. ఎవరికైనా ఇచ్చేముందు ఖాళీ ఉబుంటు కంటైనర్‌లో ఇన్‌స్టాల్ చేసి, పేరులో స్పేస్ ఉన్న ఫైల్ ఒకటి ఇచ్చి చూడండి.