ప్యూరిఫైయర్ కొనేముందు వంటింట్లోకి ఒకసారి తొంగి చూడండి

"ఇంట్లో గాలి బాగుండాలంటే ఎయిర్ ప్యూరిఫైయర్ కొనాలా, మొక్కలు పెడితే సరిపోతుందా?" అని అడిగారు. 12 వేలు పోసి కొన్నవాడిగా చెబుతున్నాను, ముందు మీ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి రండి.

మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండేళ్ళ కిందట మా పాపకి దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. రోడ్డు దుమ్మే కారణమని నాకు నేనే తేల్చేసి, కిటికీలన్నీ బిగించి, ప్యూరిఫైయర్ తెచ్చి హాల్లో పెట్టాను. దాని మీద పీఎం 2.5 అంకె, అంటే గాలిలో తేలే అతి సన్నటి కణాల లెక్క (ఘనపు మీటరుకి మైక్రోగ్రాముల్లో), కనిపిస్తూ ఉంటుంది. మొదటి రోజు 40. మన దేశంలో రోజు సగటు 60 దాటకూడదంటారు కాబట్టి ధీమాగా ఉన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2021లో పెట్టిన లెక్కయితే 15 అని తర్వాత తెలిసిందిలెండి.

ఆ ఆదివారం పప్పుచారులోకని అమ్మ ఊరమిరపకాయలు వేయించింది. పచ్చ లైటు ఎర్రగా మారింది. 180, 310, చూస్తుండగానే 400 దాటింది. లోపలి ఫ్యాన్ విమానం లేస్తున్నట్టు ఒకటే మోత. పాప దగ్గు, నా దగ్గు, పక్క గదిలో మా ఆవిడ తుమ్ములు. అమ్మ మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాయలు తిప్పుతూనే ఉంది.

"ఎగ్జాస్ట్ వెయ్యమ్మా!" అని అరిచాను.

"ఎక్కడుందిరా? పావురాలు గూడు పెడుతున్నాయని నువ్వే కదా చెక్క కొట్టించావు" అంది. "మన ఊళ్ళో కట్టెల పొయ్యి మీద వండినా పెంకుల సందుల్లోంచి పొగ పైకి పోయేది. ఇక్కడ ఎటు పోతుంది?"

నిజమే, కొట్టించింది నేనే. దానికి తోడు యుటిలిటీ బాల్కనీకి అద్దాలు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు వేయించారని అందరం వేయించుకున్నాం. మనవాళ్ళకి ఖాళీ సందు కనిపిస్తే మూసేదాకా నిద్రపట్టదు. చిమ్నీ ఉందిగా అంటారా? బిల్డరు గొట్టానికి కన్నం వదల్లేదని షాపువాడు గొట్టం లేని చిమ్నీ అంటగట్టాడు. అది జిడ్డు పట్టుకుని, వేడినీ గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌నీ తిరిగి మన మొహానికే కొడుతుంది. ప్యూరిఫైయర్‌లో ఉండే హెపా ఫిల్టర్ కూడా దుమ్మునే ఆపుతుంది, వాయువుల్ని కాదు.

ఆ రాత్రి డబ్బాని అమ్మ గదిలోకి మార్చాను. తలుపు వేసి ఉంది, మంచం కింద దోమల కాయిల్. అరగంటలో 999. అంతకు మించి దానికి లెక్క రాదు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన వచ్చింది. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి మా అమ్మ! మర్నాడే దోమతెర కొన్నాను. అగరొత్తులు, సాంబ్రాణి జోలికి మాత్రం పోలేదు, నాకు ఆ ఇంట్లో అన్నం పుట్టాలి. ఆ కాసేపు కిటికీ తెరుస్తున్నాను, అంతే.

మొక్కల సంగతి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న 1989 నాటి నాసా ప్రయోగం పేరు చెప్పి నర్సరీల వాళ్ళు స్నేక్ ప్లాంట్లు తెగ అమ్ముతున్నారు. అది మూత బిగించిన పెట్టెల్లో చేసిన ప్రయోగం. మామూలు ఇంట్లో తలుపుల నుంచీ కిటికీల నుంచీ ఆడే గాలికి సాటి రావాలంటే చదరపు మీటరుకి కనీసం 10 మొక్కలు కావాలని 2019లో లెక్కగట్టారు. అప్పుడు మనం వరండాలో పడుకోవాలి.

చివరికి చెక్క పీకించి, 9 అంగుళాల ఎగ్జాస్ట్ పెట్టించి, పావురాలు దూరకుండా బయట ఇనప జాలీ కొట్టించాను. ఖర్చు 2,200. వంట చేసేటప్పుడు హాల్లో కిటికీ కాస్త తెరిచి ఉంచాలి, లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ మాత్రం దేన్ని బయటికి తోస్తుంది? ఇప్పుడు ఊరమిరపకాయలు వేయించినా అంకె 90 దాటడం లేదు. పాప దగ్గు తగ్గింది. డాక్టరు మార్చిన సిరప్ వల్ల అంటుంది మా ఆవిడ. నేను ఒప్పుకోను.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పైఅంతస్తు వాళ్ళు ప్రతి ఆదివారం అడుగుతున్నారు, "ఎవరండీ మిరపకాయలు మాడుస్తోంది?" అని. నేను ఇంతవరకూ జవాబివ్వలేదు.