పెళ్లి ఫొటోలకు 45 మెగాపిక్సెళ్ల కెమెరా కావాలా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా అబ్బాయి ప్లస్ టూ పూర్తిచేసి, ఏడాదిగా ఇక్కడి ఒక స్టూడియోలో సహాయకుడిగా పెళ్లిళ్లకు వెళ్తున్నాడు. ఇక సొంతంగా పని పట్టుకుంటానని 45 మెగాపిక్సెళ్ల కెమెరా కొనమంటున్నాడు. లెన్సుతో కలిపి మూడు లక్షలు దాటుతుంది, అప్పు చేయక తప్పదు. 24 మెగాపిక్సెళ్లతో ప్రొఫెషనల్ పని రాదని వాదిస్తున్నాడు. నా ఫోనులోనే 200 ఉన్నాయి కదా అంటే నవ్వుతున్నాడు. మేము ఏం చేయాలి?

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న వృత్తి విషయంలో నాకు అభ్యంతరం లేదు, కానీ ఆ కెమెరా కోసం అప్పు చేయడం మాత్రం ఈ దశలో వద్దు. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో పెళ్లి ఫొటోగ్రాఫరుకు దొరికే పనిలో దాదాపు అంతటికీ 24 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. మీ ఇద్దరి వాదనలోనూ కొంత నిజం, కొంత పొరపాటు ఉన్నాయి కాబట్టి కాస్త లెక్క చెప్పవలసి వస్తుంది.

ఫొటో అంతా చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది, ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు, పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. ఫొటోకు ఎన్ని పిక్సెళ్లు కావాలన్నది దాన్ని ఎంత పెద్దదిగా ముద్రిస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్నది ముద్రణరంగంలో స్థిరపడిన కొలత. ఆ ప్రకారం 8×12 అంగుళాల ఫొటోకు 2400×3600 పిక్సెళ్లు, అంటే తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే చాలు. గోడకు తగిలించే 12×18 ఫొటోకు కూడా 19.4 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫొటో 6000×4000 పిక్సెళ్లు ఉంటుంది కనుక అంచులు కొంత కత్తిరించుకోవడానికి కూడా వీలు మిగులుతుంది. స్టూడియోకు రోజువారీ ఆదాయం తెచ్చే 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు సైజు ఫొటోకైతే పావు మెగాపిక్సెల్ కూడా అక్కరలేదు.

దూరం పెరిగేకొద్దీ ఈ అవసరం ఇంకా తగ్గుతుంది. పది అడుగుల దూరం నుంచి చూసినప్పుడు మామూలు చూపు ఉన్న మనిషి అంగుళానికి సుమారు 29 చుక్కలకు మించి వేరుచేసి చూడలేడు. కాబట్టి మండపం బయట కట్టే పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీకి ఏడు మెగాపిక్సెళ్ల చిత్రం చాలు. పెద్ద ఫ్లెక్సీకి పెద్ద కెమెరా కావాలన్న మాట మన ఊళ్లలో తరచూ వినిపిస్తుంది గాని, అది సరైనది కాదు.

మీ అబ్బాయికి అనుకూలంగా చెప్పగలిగిన ఉదాహరణ ఒకటుంది. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు ఎక్కువగా 12×36 అంగుళాల షీట్ల మీద వేస్తారు. ఆ షీటు మొత్తాన్నీ ఒకే ఫొటోతో నింపితే 24 మెగాపిక్సెళ్ల కెమెరా నుంచి అంగుళానికి 167 చుక్కలే దక్కుతాయి, 45 మెగాపిక్సెళ్ల కెమెరా నుంచి దాదాపు 229 దక్కుతాయి. అయితే అంత పెద్ద షీటును ఒళ్లో పెట్టుకుని చూసేవారి కంటికీ కాగితానికీ మధ్య సుమారు రెండడుగుల దూరం ఉంటుంది, ఆ దూరంలో మామూలు కంటికి అందేవి 143 చుక్కలే. పైగా ఇలాంటి షీట్లు ఒక ఆల్బమ్‌లో కొన్నే ఉంటాయి, మిగతావాటిలో ఒక్కో షీటు మీద నాలుగైదు ఫొటోలు సర్దుతారు.

45 అనే అంకె 24కు దాదాపు రెట్టింపు కాబట్టి ఫొటో కూడా రెట్టింపు స్పష్టంగా వస్తుందని కుర్రాళ్లు అనుకుంటారు. కానీ మెగాపిక్సెల్ అన్నది వైశాల్యానికి కొలత. పొడవులో చూస్తే 6000 పిక్సెళ్లు సుమారు 8250 అవుతాయి, అంటే పెరుగుదల 37 శాతం. ఆ పెరుగుదల కూడా మంచి లెన్సు, కదలని చెయ్యి, తగినంత షట్టర్ వేగం ఉన్నప్పుడే చేతికి దక్కుతుంది. మరోవైపు ఒక పెళ్లిలో మూడు వేల ఫొటోలు రా ఫైళ్లుగా (తర్వాత ఎడిటింగుకు వీలుగా కెమెరా నమోదు చేసిన ముడి ఫైళ్లుగా) తీస్తే 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో సుమారు 80 జీబీ, 45తో సుమారు 150 జీబీ అవుతాయి. వాటిని రెండు హార్డ్ డిస్కుల్లో భద్రపరచాలి, ఆ బరువు మోయగల కంప్యూటరూ కొనాలి. మూడు లక్షల లెక్కలో ఇవేవీ చేరలేదని నా అనుమానం. ఎక్కువ మెగాపిక్సెళ్లుంటే చీకట్లో గ్రెయిన్, అంటే ఫొటోలో గరుకు చుక్కలు, ఎక్కువ వస్తుందని కొందరు స్టూడియోవాళ్లు భయపెడతారు. కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ సైజు, ప్రింటు సైజు ఒకటే అయినప్పుడు ఆ తేడా పెద్దగా ఉండదు, కాబట్టి నా అభ్యంతరం దాని గురించి కాదు.

ఇక మీ ఫోను సంగతి. 200 మెగాపిక్సెళ్ల ఫోను సాధారణంగా పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. దాని సెన్సర్ వైశాల్యం 36×24 మిల్లీమీటర్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో పదో వంతు కూడా ఉండదు. చిన్న గిన్నెను వానలో పెట్టి అందులో ఎన్ని గళ్లు గీసినా పట్టే నీళ్లు పెరగనట్టే, పిక్సెళ్లు ఎన్నున్నా సెన్సర్ చిన్నదైతే అందే వెలుతురు అంతే. మీ అబ్బాయి నవ్వింది అందుకే. కానీ అదే సూత్రం తన వాదనకూ వర్తిస్తుందని అతను గమనించలేదు.

వృత్తి నిపుణులు ఏం వాడుతున్నారో చూడమనండి. 2007లో వచ్చిన నికాన్ డీ3లో ఉన్నవి 12.1 మెగాపిక్సెళ్లే, పత్రికలవాళ్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు దానితో ఏళ్ల తరబడి పనిచేశారు. 2020 నాటి కానన్ 1డీఎక్స్ మార్క్ 3లో 20.1, 2024లో అదే కంపెనీ అగ్రశ్రేణి కెమెరాగా తెచ్చిన ఆర్1లో 24.2 మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు పెళ్లివారు తప్పనిసరిగా అడిగే 4కే వీడియోలో ఒక్కో ఫ్రేము 8.3 మెగాపిక్సెళ్లు.

పెళ్లిలో ఫొటో చెడిపోయేది పిక్సెళ్లు చాలక కాదు. ముహూర్తం తరచూ అర్ధరాత్రి దాటాక ఉంటుంది, మండపంలో రంగురంగుల ఎల్‌ఈడీ దీపాలు ముఖాల మీద పడుతుంటాయి, జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి బంధువులు అడ్డం నిలబడతారు, తలంబ్రాలు పోసేటప్పుడు చేతులు ఆగవు. అక్కడ ఆదుకునేవి ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 లేదా 2.8 అపర్చర్ ఉన్న లెన్సు, ఫ్లాషును పైకప్పుకో గోడకో కొట్టించి మెత్తటి వెలుగు తెచ్చుకునే నేర్పు, చర్మపు రంగును సరిచేయడం తెలిసిన ఎడిటింగ్. కాబట్టి 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను, వీలైతే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూసుకుని వాడినదాన్ని, కొనండి. అందులో రెండు మెమరీ కార్డులు పెట్టే వీలు ఉండాలి. ఒక కార్డు పాడైతే ఆ పెళ్లిని మళ్లీ తీయలేరు. మిగిలిన డబ్బుతో రెండు లెన్సులు, రెండు ఫ్లాషులు, హార్డ్ డిస్కులు అమర్చుకోవచ్చు.

ఎక్కువ మెగాపిక్సెళ్లు నిజంగా అవసరమయ్యే పనులు మన ప్రాంతంలో లేకపోలేదు. బరంపురం పట్టుచీరల నేత కనిపించేలా తీసే కేటలాగు, పట్టచిత్రాలకు, తాళపత్రాలకు నకళ్లు తీయడం, చిలికా పక్షులను దూరం నుంచి తీసి కత్తిరించుకోవడం అలాంటివి. ఆ పనులు వచ్చినప్పుడు భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో రోజు అద్దెకు కెమెరా తెచ్చుకుని, అద్దెను బిల్లులో కలుపుకోవడం సబబు. అలాంటి పని నెలనెలా రావడం మొదలైతే కొనడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

చదువు విషయం మీరు అడగలేదు గాని, నాకు కెమెరా కంటే అదే ముఖ్యంగా కనిపిస్తోంది. ప్లస్ టూ అయింది కాబట్టి హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్ఏఎఫ్ఏయూ) ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌తో ఉన్న నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ బీఎఫ్ఏకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఒడిశాలో చదివినవారు స్థానికేతర అభ్యర్థులకు ఉన్న సీట్ల నిబంధనలను ముందే చూసుకోవాలి. అంత కాలం కుదరకపోతే ఐటీఐలలో డిజిటల్ ఫొటోగ్రాఫర్ అనే ఏడాది ట్రేడు ఉంది. చదువు వద్దనుకుంటే కనీసం మరొక పెళ్లిళ్ల సీజను రెండో కెమెరామన్‌గా పనిచేయడం మేలు. తెలుగు పెళ్లిలో ఏ మంత్రం తర్వాత ఏ ఘట్టమో, ఒడియా పెళ్లిలో వధూవరుల చేతులు కలిపి కట్టే హాతగంఠి ఎప్పుడు కడతారో రెండూ తెలిసి, ఇరువైపుల పెద్దలతోనూ వారి భాషలో మాట్లాడగల కుర్రాడికి సరిహద్దు ఊళ్లలో ఉన్న అవకాశం బయటినుంచి వచ్చేవారికి ఉండదు.

అప్పు పత్రాల మీద సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష చేయించండి. తెలిసినవారి దగ్గర 45 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక రోజు అడిగి, ఒకే వెలుతురులో, ఒకే దృశ్యాన్ని రెండు కెమెరాలతోనూ తీసి, రెండింటినీ 12×18 సైజులో ఒకే ల్యాబులో ముద్రించి, ఏది దేనితో తీసిందో వెనక వైపు రాసి, రెండడుగుల దూరం నుంచి మీ అబ్బాయికి చూపించండి. వరసగా కొన్ని జతలు చూపినా ప్రతిసారీ తేడా పట్టుకోగలిగితే, ఆ ప్రింట్లతో సహా నాకు మళ్లీ రాయండి.