క్యాథలిక్ దివ్యపూజలో (మాస్‌లో) హారతి ఇవ్వడం, నేల మీద కూర్చోవడం తప్పా?

తప్పు కాదు, భారతదేశంలో వాటికి 1969 నుంచే రోమ్ (క్యాథలిక్ చర్చి కేంద్రం) అనుమతి ఉంది. అయితే ఎక్కడ, ఎంతవరకు పాటించాలన్నది ఇక్కడి పీఠాధిపతులు (బిషప్పులు) నిర్ణయిస్తారు.

పూజలో సారం మారకుండా రూపం ఆయా ప్రజల సంస్కృతికి తగ్గట్టు ఉండొచ్చని ప్రపంచ క్యాథలిక్ బిషప్పుల సమావేశమైన రెండో వాటికన్ మహాసభ 1963లో చెప్పింది. దాన్ని అనుసరించే మన బిషప్పులు 12 అంశాలు కోరి ఆమోదం తెచ్చుకున్నారు. చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, మోకాలు వంచే బదులు చేతులు జోడించి నమస్కరించడం, కొవ్వొత్తుల స్థానంలో నూనె దీపాలు, బలిపీఠాన్ని ముద్దు పెట్టుకునే బదులు వేళ్లతో తాకి కళ్లకద్దుకోవడం, ఇవన్నీ అందులోవే.

హారతినే తీసుకోండి. ప్రధాన కృతజ్ఞతా ప్రార్థన ముగింపులో గురువు (పూజ జరిపే ఫాదర్) అప్పాన్ని, ద్రాక్షరసం ఉన్న పాత్రను పైకెత్తినప్పుడు పూలు, ధూపం, దీపంతో మూడు హారతులు ఇవ్వొచ్చు. ఇక్కడే తరచూ పొరపాటు జరుగుతుంది: హారతి పాట సాగదీస్తే గురువు పలికే స్తుతివాక్యం, జనం చెప్పాల్సిన 'ఆమెన్' రెండూ అందులో మునిగిపోతాయి. పాట ఎంత బాగున్నా సరే, అక్కడ 'ఆమెన్'దే పెద్దపీట.

అనుమతి ఉంది కదా అని ఏదైనా చేయొచ్చనుకోవడం చాలామందిలో ఉన్న అపోహ. గోధుమ అప్పానికి బదులు కొబ్బరి, ద్రాక్షరసానికి బదులు మరో పానీయం వాడటానికి వీల్లేదు. ఆమోదించిన ప్రార్థన మాటల్ని కూడా గురువు సొంతంగా మార్చకూడదు.