కాకినాడలో ఎక్కడ తెప్పించినా మ్యాక్ అండ్ చీజ్ ముద్దకట్టేస్తోంది: సమాధానం

చాలావరకు కారణం పార్సిలేనండి. మ్యాక్ అండ్ చీజ్ అంటే చీజ్ సాస్‌లో కలిపిన మాకరోనీ పాస్తా. మైదా, పాలతో చేసే ఆ సాస్ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. ఈలోగా మాకరోనీ తడంతా పీల్చేస్తుంది. హోటల్ మార్చినా ఇంటికొచ్చేసరికి ముద్దే.

1. వీలైతే అక్కడే కూర్చుని తినండి.

2. ఆర్డరుకు ముందు ఏ చీజ్ వేస్తారో అడగండి. ఒట్టి మొజరెల్లా అంటే వద్దు. వేడి మీద తీగలు సాగుతుంది, చల్లారితే రబ్బరే. చెడ్డార్ కలవాలి.

3. పార్సిల్ తప్పదంటే, చాలామంది వదిలేసేది ఇదే: పాలు. గిన్నెలో రెండు మూడు చెంచాల పాలు వేడిచేసి, అందులో మాకరోనీ వేసి, సన్నసెగ మీద మెల్లగా కలపండి. తొందరపడి మంట పెంచితే చీజ్ విరిగి నూనె తేలుతుంది, ఇక దాన్ని బాగుచేయడం కష్టం. సాస్ జారుగా అవగానే దించేయండి.

ఇంట్లో చేసుకుంటే మామూలు ప్రాసెస్డ్ చీజ్ చాలు, అది అంత త్వరగా విరగదు.

వేడిగా కడుపు నిండితే చాలనుకుంటే మాత్రం నా ఓటు పాలకొల్లు దిబ్బరొట్టెకే. లేదా కోనసీమ వైపు వెళ్లినప్పుడు అంబాజీపేటలో పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు. పొద్దున్నే వెళ్లండి.