డీ డ్రైవ్ చేసే ముందు ఆ 48 అంకెలు రాసి పెట్టుకోండి

ప్రశ్న: ఎంఎస్ కోసం ఈ ఆగస్టులో టెక్సస్ వచ్చాను అన్నా. ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఒక్కటే ఉంది. మన దగ్గరైతే షాపువాళ్లే సీ, డీ, ఈ అని చేసి ఇచ్చేవాళ్లు. నేనే చేసుకుంటే విండోస్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, పార్టిషన్ చేయడం పది నిమిషాల పని. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ సరిపోతుంది, దీనికోసం వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ దింపుకోవద్దు. అయితే దానికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన మన పిల్లలు దెబ్బతినేది అక్కడే, అందుకే ముందు అదే చెబుతాను.

ఇప్పుడొస్తున్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఫైళ్లు ఎవరూ చదవలేకుండా వేసే తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. దొంగ చేతికి చిక్కినా ఫైళ్లు బయటపడవు కాబట్టి మంచిదే. కానీ బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినా, ల్యాప్‌టాప్ ఎలా మొదలవ్వాలో చెప్పే బూట్ సెట్టింగ్ మార్చినా, కొన్నిసార్లు నీలం తెర వచ్చి రికవరీ కీ అడుగుతుంది. ఆ కీలో 48 అంకెలుంటాయి, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఆ అకౌంట్ తెరవాలంటే చాలాసార్లు ఓటీపీ రావాలి. ఆ ఓటీపీ వెళ్లేది అకౌంట్‌కి మీరిచ్చిన ఇండియా నంబర్‌కి.

మా బాబాయి కొడుకు వచ్చిన మొదటి సెమిస్టర్‌లో విండోస్ లాంటి మరో సిస్టమ్ అయిన లైనక్స్ పెట్టుకుందామని బూట్ సెట్టింగ్ మార్చాడు. నీలం తెర వచ్చింది. వాడి ఇండియా సిమ్‌కి రీచార్జ్ అయిపోయి అప్పటికి నెలలు దాటింది, ఆ నంబర్ మళ్లీ పనిచేయలేదు. ఆఖరికి డిస్క్ మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించాం. రెండు ప్రాజెక్టులు పోయాయి, బయల్దేరే ముందు ఇంట్లో దిగిన ఫొటోలు పోయాయి. ఆ రాత్రి వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడు. ఉంటే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, నీ ల్యాప్‌టాప్ పేరు కింద ఉన్న రికవరీ కీ చూసి, కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ ఫైల్‌లో పెట్టు. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేస్తే అవసరానికి అందదు. ఆ కీ ఎవరికీ పంపకు.

అలాగే ఇండియా నంబర్ పనిచేస్తుండగానే ఆ అకౌంట్‌కి ఇక్కడి నంబర్, ఇంకో సొంత మెయిల్ కూడా జత చేయి. పాతవేవీ అందుబాటులో లేక అన్నీ ఒకేసారి మార్చాల్సి వస్తే 30 రోజులు ఆగమంటుంది. కాలేజీ మెయిల్ మీద ఆధారపడకు, చదువయ్యాక చాలా యూనివర్సిటీలు దాన్ని తీసేస్తాయి. సిమ్ ఇంటి దగ్గరే వదిలి వచ్చి ఉంటే నాన్నగారికి చెప్పి రీచార్జ్ ఆగకుండా చూసుకో.

ఇక అసలు డీ డ్రైవ్ అవసరమా? 256 జీబీ డిస్క్ అయితే వద్దనే చెబుతాను. విండోస్‌లో అది 238 అనే కనిపిస్తుంది, దాన్ని రెండు ముక్కలు చేస్తే రెండూ చాలవు. 512 అయితే 476గా కనిపిస్తుంది. సీకి కనీసం 300 ఉంచి మిగతాది డీకి ఇవ్వొచ్చు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు సీకి ఇంకా ఎక్కువే ఉంచాలి. విజువల్ స్టూడియో, డాకర్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ లాంటి ప్రోగ్రామింగ్ టూల్స్ అన్నీ మనం మార్చకపోతే సీలోనే పేరుకుంటాయి. ఎస్‌ఎస్‌డీలో (చిప్పులతో పనిచేసే డిస్క్) పార్టిషన్ చేసినంత మాత్రాన వేగం పెరగదు. మూడోది, అంటే E అక్షరం డ్రైవ్, అక్కర్లేదు.

చేసే రోజు ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, చార్జర్ పెట్టి మొదలుపెట్టు. విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. సీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ అను. అక్కడ అంకె ఎంబీల్లో అడుగుతుంది, సీలోంచి తీయాల్సినంత ఇవ్వాలి, మిగలాల్సినంత కాదు. 150 జీబీ కావాలంటే 153600. నల్ల గీతతో అన్‌అలొకేటెడ్ అని కొత్త ముక్క వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ అను, ఫార్మాట్ అడిగినచోట ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకో, అంతే. లైనక్స్ కోసమైతే ఆ ముక్కను అలాగే ఖాళీగా వదిలేయాలి.

ఖాళీ చాలా ఉన్నా కొద్దిగానే తీయనిస్తుంటే కంగారు పడకు. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు అనే విండోస్ సొంత ఫైళ్లు మధ్యలో కదలకుండా కూర్చుని ఉంటాయి. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించు.

అదే తెర మీద ఈఎఫ్ఐ, రికవరీ అని చిన్న ముక్కలు కనిపిస్తాయి. స్థలం వృథా అనుకుని వాటిని చెరపకు. ఈఎఫ్ఐ పోతే ల్యాప్‌టాప్ బూట్ కాదు. డైనమిక్ డిస్క్‌గా మార్చాలా అని ఎప్పుడైనా అడిగితే వద్దు అని బయటికి వచ్చేయి. డీ తయారయ్యాక రికవరీ కీల పేజీ మరోసారి చూడు, డీ కూడా ఎన్‌క్రిప్ట్ అయితే దానికి వేరే కీ ఉంటుంది. అదీ ఆ కాగితం మీదే రాసుకో.

డీలో పెట్టాం కదా అని యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, పాస్‌పోర్ట్, వీసా స్కాన్‌ల విషయంలో నిశ్చింతగా ఉండకు. సీ, డీ రెండూ ఒకే చిప్పుల మీద ఉంటాయి. ఆ ఎస్‌ఎస్‌డీ పోతే రెండూ పోతాయి. ఆ స్కాన్‌ల కాపీ ఒకటి బయటి డ్రైవ్‌లో, ఇంకొకటి ఇంటి దగ్గర అమ్మానాన్నల దగ్గర ఉంచు. ఈ పనంతా ల్యాప్‌టాప్ రిటర్న్ గడువు దాటకముందే, క్లాసుల హడావుడి మొదలవకముందే చేసెయ్యి. ఎక్కడైనా ఆగిపోతే ఏదీ డిలీట్ చేయకుండా, ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసి నాకు పంపు.