తోతాపురి చవగ్గా దొరుకుతోంది కదా, మామిడి డ్రింక్ వ్యాపారం పెట్టొచ్చా?

ప్రశ్న అడిగినవారి లెక్క ఇది: చిత్తూరు వైపు కొన్ని సీజన్లలో తోతాపురి కిలో నాలుగైదు రూపాయలకు పడిపోతోంది. మామిడి డ్రింక్ మాత్రం ప్రతి కిరాణా కొట్లోనూ పది రూపాయలకు తగ్గకుండా అమ్ముడుపోతోంది. మనమే బాటిళ్లలో నింపి అమ్ముకుంటే మధ్యలో మిగిలేదంతా లాభమే కదా అని.

నేను ఆ జిల్లాలోనే ఒక పల్ప్ (మామిడి గుజ్జు) ఫ్యాక్టరీలో కొన్నేళ్లు ప్రొడక్షన్ చూశాను. తర్వాత మా బావతో కలిసి ఒక చిన్న కంపెనీ మామిడి డ్రింక్‌కి డిస్ట్రిబ్యూషన్ చేశాను. నాకు అర్థమైనంతవరకు ఈ వ్యాపారంలో మీ లాభనష్టాలు కాయ ధర మీద దాదాపు ఆధారపడవు.

బాటిల్లో ఏముంటుందో లెక్క వేసి చూడండి. ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం మామిడి డ్రింక్‌లో పండు 10 శాతం ఉంటే చాలు. మీరు కాస్త ఉదారంగా 15 శాతం వేస్తారనుకుందాం. వెయ్యి కిలోల బ్యాచ్‌కి గుజ్జు 150 కిలోలు. తోతాపురి గుజ్జు సుమారు 14 బ్రిక్స్ (అంటే వంద కిలోల్లో దాదాపు 14 కిలోల తీపి) ఉంటుంది కాబట్టి దాన్నుంచి వచ్చే తీపి 21 కిలోలే. డ్రింక్ 12 బ్రిక్స్‌కి రావాలంటే ఇంకో 99 కిలోల చక్కెర పోయాలి. అంటే ఖర్చులో ముందు కనబడేది మామిడి కాదు, చక్కెర బస్తాలు. ఇక కాయలో తొక్క, టెంక పోగా గుజ్జు సగానికి కాస్త అటూఇటూగా వస్తుంది. ఆ బ్యాచ్‌కి పట్టే కాయ దాదాపు 300 కిలోలు. కాయ కిలోకి నాలుగు రూపాయలు తగ్గితే మీకు మిగిలేది 1,200 రూపాయలు. ఆ బ్యాచ్‌తో 160 మిల్లీలీటర్ల బాటిళ్లు ఆరు వేల దాకా నిండుతాయి. బాటిల్‌కి 20 పైసలు! ఖాళీ బాటిల్ ధర ముందు అది లెక్కలోకే రాదు.

ఇంకో సంగతి. కాయ చవకైందంటే చాలాసార్లు గుజ్జు కదలడం లేదని అర్థం. 2025లో జరిగింది అదే. ముందు ఏడాది గుజ్జు డ్రమ్ములు గోడౌన్లలో అలాగే ఉండిపోయాయి. కొత్త కాయ వచ్చేసరికి ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి. గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, టోకెన్ దొరికేలోపు లోడు మగ్గిపోయేది. రాష్ట్ర ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు రావాలని, అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలని, 4 తాను ఇస్తానని ప్రకటించాల్సి వచ్చింది. చుట్టూ ఇంత గుజ్జు అమ్ముడుపోక పడి ఉన్న టైములో ఇంకో కొత్త పల్ప్ లైన్ పెట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు. పల్ప్ లైన్ నడిచేది ఏడాదికి రెండు మూడు నెలలే, ఈఎంఐ మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి.

గుజ్జు మీరు తయారు చేయొద్దు, కొనుక్కోండి. కొనేటప్పుడు బ్రిక్స్ ఒక్కటే చూసి ఊరుకోకండి. మా ల్యాబ్‌లో కొంచెం గుజ్జుని గాజు పలక మీద పల్చగా పరిచి, వెలుతురుకి పట్టి నల్ల చుక్కలు లెక్కపెట్టేవాళ్లం. తొడిమ దగ్గర కుళ్లిన కాయని బెల్ట్ మీద ఏరకుండా వదిలేస్తే ఆ చుక్కలు వస్తాయి. సగం మగ్గిన కాయ వేస్తే రంగు పాలిపోతుంది. సౌదీకో నెదర్లాండ్స్‌కో వెళ్లే సరుకులో ఈ రెంటి దగ్గరే పేచీ వచ్చేది. తిరిగొచ్చిన సరుకు చివరికి ఎవరికి తక్కువలో అంటగడతారో మీరే ఊహించుకోండి. డ్రమ్ము అంటే సుమారు 215 కిలోలు, లోపల ఎసెప్టిక్ (సూక్ష్మజీవులు చేరకుండా మూసిన) సంచి ఉంటుంది. ఒకసారి తెరిస్తే వెంటనే వాడేయాలి. చిన్న బ్యాచ్‌లైతే 3.1 కిలోల డబ్బాలు తీసుకోండి. కిలోకి కాస్త ఎక్కువ పడినా నష్టం తక్కువ.

బాటిలింగ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. మామిడి పుల్లటి సరుకు కాబట్టి 85 డిగ్రీల పైన వేడిగా నింపి మూత వేస్తే నిలుస్తుంది. కానీ మంచినీళ్ల బాటిల్లో ఆ వేడి పోస్తే మెడ దగ్గర ముడుచుకుపోతుంది. దానికి వేడిని తట్టుకునే వేరే రకం పెట్ (ప్లాస్టిక్) బాటిల్ కావాలి, అది ఖరీదు. వేడి తగ్గించి నింపితే మూడో వారానికి బాటిల్ ఉబ్బి షాపతను ఫోన్ చేస్తాడు. మేం డిస్ట్రిబ్యూషన్ చేసినప్పుడు ఉబ్బిన బాటిళ్ల కంటే ఎక్కువగా తిరిగొచ్చినవి అడుగున గుజ్జు పేరుకున్న బాటిళ్లు. సరుకు బాగానే ఉండేది. కుదిపి తాగమని లేబుల్ మీద రాసినా ఎవరు చదువుతారు?

అమ్మకం సంగతి ఇంకా గట్టిది. ఫ్రూటీ 1985 నుంచి మార్కెట్లో ఉంది. మాజాని కోకాకోలా 1993లో కొనేసింది, స్లైస్ పెప్సీది. షాపులో ఫ్రిజ్ చాలాచోట్ల ఆ కంపెనీలు ఇచ్చిందే, అందులో మీ బాటిల్ పెట్టనివ్వరు. మామిడి డ్రింక్ చల్లగా లేకపోతే ఎండాకాలంలో కూడా ఎవరూ అడగరు. మా బావ తోపుడు బండ్ల వాళ్లకి ఐసు పెట్టెలు కొనిచ్చి వాటిలో అమ్మించాడు, షాపుల కంటే అదే నయంగా నడిచింది. పైగా గుజ్జు జూన్, జులైలో తయారవుతుంది, డ్రింక్ గిరాకీ మళ్లీ ఫిబ్రవరి తర్వాతే. ఏడాదికి సరిపడా గుజ్జు సీజన్లోనే కొనిపెట్టుకుంటే అన్నాళ్లూ డబ్బు డ్రమ్ముల్లోనే ఉంటుంది. వడ్డీ మీది, షాపుల అరువు కూడా మీదే.

ఇంత చెప్పినా చేయాలనే ఉంటే మాత్రం మెషీన్ కొనకండి. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల సబ్సిడీ ఉందని ఆశపడి లైన్ పెట్టినవాళ్లు నాకు తెలుసు. మిగతా 65 శాతం అప్పూ, మీ చేతి డబ్బే కదా. ఖాళీగా ఉన్న బాటిలింగ్ యూనిట్లు జాబ్ వర్క్‌కి, అంటే కూలి తీసుకుని మీ సరుకు నింపి ఇస్తాయి, కనీస బ్యాచ్ ఎంతో ముందే అడగండి. పది రూపాయల బాటిల్ జోలికి వెళ్లకుండా గుజ్జు ఎక్కువ వేసి, లీటరు బాటిళ్లలో క్యాటరింగ్ వాళ్లకి, హాస్టళ్లకి, ఐస్‌క్రీమ్ పార్లర్లకి ఇవ్వండి. వాళ్లకి ఫ్రిజ్ వాళ్లదే ఉంటుంది, బ్రాండ్ పేరు అడగరు, రుచి చూసి తీసుకుంటారు.

లేబుల్ మీద 'జ్యూస్' అని మాత్రం రాయకండి. 10, 20 శాతం పండు ఉన్నదాన్ని జ్యూస్ అనడానికి వీల్లేదు. గాఢరసంలో నీళ్లు కలిపి తయారుచేసిన జ్యూస్ మీద కూడా '100 శాతం జ్యూస్' అనే మాట తీసేయమని 2024 జూన్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మొదటి ఆర్డర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే లేబుల్ డిజైన్ ఎవరైనా ఫుడ్ కన్సల్టెంట్‌కి చూపించండి, ప్రింటయ్యాక మార్చాలంటే రోల్స్ అన్నీ చెత్తలోకే.