ట్రాలీ తగిలించాక మీ కాగితాలు సరిపోతాయా?

ఈసారి ప్రశ్నలన్నీ బండి వెనక బండి కట్టి లాగేవాళ్లవే. ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు.

ప్రశ్న: నాకు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు ఉంది. సొంత ట్రాక్టర్‌తో పొలం పనులు చేసుకుంటూ, పనులు లేనప్పుడు ట్రాలీ తగిలించి ఇటుక, కంకర కిరాయికి తోలుతున్నాను. మొన్న చెకింగ్‌లో ఆపి, ట్రాలీ ఉంటే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు కావాలన్నారు. నిజమేనా సార్?

లైసెన్సు గురించి మీరు అంత టెన్షన్ పడక్కర్లేదు, అసలు చిక్కు మీ ఆర్సీలో ఉంది.

ముందు లైసెన్సు సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టర్ ఎల్‌ఎంవీ కిందికే వస్తుంది, మామూలు వ్యవసాయ ట్రాక్టర్ ఆ బరువుకి దరిదాపుల్లో కూడా ఉండదు. ట్రాలీ కట్టి సరుకు వేసినంత మాత్రాన ట్రాక్టర్ నడిపే లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఆ తర్వాత కూడా కింది కోర్టుల్లో, బీమా కంపెనీల్లో ఈ గొడవ సాగుతూనే ఉంటే 2017లో ముగ్గురు జడ్జీలు, మళ్లీ 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఒకే మాట చెప్పారు: స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు, దాని మీద విడిగా ట్రాన్స్‌పోర్ట్ అని రాయించుకునే ఎండార్స్‌మెంట్ అవసరం లేదు. మిమ్మల్ని ఆపినవాళ్లకి పాత లెక్క గుర్తుండి ఉంటుంది.

ఇక ఆర్సీ. వ్యవసాయ ట్రాక్టర్ అని రిజిస్టరైన బండి నాన్ ట్రాన్స్‌పోర్ట్ వాహనం. మీ పొలం ఎరువులు, మీ పంట, విత్తనాలు, ఇవి తోలుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ ట్రాక్టర్, ట్రాలీ కలిసి సరుకు మోస్తుంటే ఆ రెండూ కలిపి సరుకు రవాణా వాహనం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 2005లో కర్ణాటక నుంచి వెళ్లిన ఒక కేసులో స్పష్టం చేసింది. అంటే పైసా తీసుకుని ఇటుక తోలే రోజున మీది పొలం బండి కాదు, దానికి కమర్షియల్ రిజిస్ట్రేషన్, పర్మిట్, ఫిట్‌నెస్, దానికి తగ్గ పన్ను, దానికి తగ్గ ఇన్సూరెన్స్ అడుగుతారు. పర్మిట్ లేకుండా తోలితే సెక్షన్ 192ఎ కింద మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చట్టంలో రాసి ఉంది. జైలు దాకా వెళ్లేది అరుదే అనుకోండి, అయినా రాసి ఉంది.

నన్నడిగితే, కిరాయి ఏడాది పొడవునా దొరుకుతుంటే ఆర్టీవో ఆఫీసులో కమర్షియల్‌గా మార్పించుకోండి. ఎప్పుడో ఒకటి రెండు ట్రిప్పులకైతే ఆ వచ్చే కిరాయి డబ్బు ఈ రిస్కుకి సరిపోదు, మానేయడమే మేలు. "అందరూ తోలుతున్నారు కదా" అంటారు. తోలుతున్నారు, ప్రమాదం జరిగిన రోజున వాళ్లెవరూ మీతో కోర్టుకి రారు.

ప్రశ్న: దగ్గర్లో వెల్డింగ్ షాపులో ట్రాలీ చేయించుకున్నాం. ట్రాక్టర్ నంబరే దాని వెనక రాయించాం. ఇది చాలా?

చాలదు. చట్టంలో మోటారు వాహనం అనే మాటలో ట్రాలీ కూడా ఉంది. ఇంజిన్ లేకపోయినా సరే, రోడ్డెక్కాలంటే దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. మీరు వెనక ట్రాక్టర్ నంబరు రాయించడం మాత్రం సరైన పనే, లాగే బండి నంబరు ట్రాలీ వెనక కనపడాలని సెక్షన్ 61 చెబుతుంది. ఎక్కువ మంది మర్చిపోయేది దీని రెండో సగం: ట్రాలీకి ఇచ్చిన సొంత నంబరు కూడా కనపడాలి. అసలు ట్రాలీకి నంబరే లేనప్పుడు ఏం రాస్తారు చెప్పండి.

రిజిస్ట్రేషన్‌కి అమ్మినవాళ్ల ఫారం 21, తయారుచేసినవాళ్లు రోడ్డుకి పనికొస్తుందని ఇచ్చే ఫారం 22 కావాలి. అనుమతి లేని షాపు ఇవి ఇవ్వలేదు, అందుకే అక్కడ రేటు తక్కువ. రిజిస్ట్రేషన్ లేకుండా తిప్పితే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, కానీ నా భయం ఆ ఐదు వేలు కాదు. నంబరు లేని ట్రాలీని పాలసీలో చేర్చరు. ట్రాక్టర్ పాలసీ ఉంటే ట్రాలీకీ వర్తిస్తుందని చాలామంది ధీమాగా ఉంటారు, అది తప్పు. ట్రాలీకి విడిగా థర్డ్ పార్టీ ప్రీమియం కట్టాలి, పాలసీ కాగితంలో దాని నంబరు కనపడాలి. ఇంట్లో పాలసీ ఉంటే ఇప్పుడే తీసి ఆ ఒక్క గడి చూడండి.

ప్రశ్న: కూలీలను పనికి తీసుకెళ్లేటప్పుడు ట్రాలీలో ఎక్కించుకుంటాం, నిండితే ఇద్దరు మడ్‌గార్డ్ మీద కూర్చుంటారు. ఇన్సూరెన్స్ కట్టాం కాబట్టి వాళ్లకేమైనా అయితే కంపెనీ చూసుకుంటుంది కదండీ?

చూసుకోకపోవచ్చు. ఈ వారం వచ్చినవాటిలో నాకు బాగా దిగులు పుట్టించిన ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ట్రాక్టర్ మీద ఉండేది ఒకే సీటు, అది డ్రైవర్‌ది. మడ్‌గార్డ్ సీటు కాదు. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. పాలసీలో "ఈ బండిని దేనికి వాడొచ్చు" అని ఒక వరుస ఉంటుంది, వ్యవసాయ పాలసీ అయితే అక్కడ వ్యవసాయ పనులకి మాత్రమే అని ఉంటుంది. 2004లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక కేసులో కూరగాయల వ్యాపారి తన సరుకుతో పాటు ట్రాలీలో వెళ్తూ ప్రమాదంలో చనిపోయాడు. వ్యాపారానికి కూరగాయలు తోలడం వ్యవసాయ పని కాదంటూ కోర్టు బీమా కంపెనీ మీద బాధ్యత పెట్టలేదు. కూరగాయలకే అలా అన్నారంటే ఇటుకల సంగతి మీరే ఊహించుకోండి. ఊహించుకునే పని కూడా లేదు, 2007లో అలాంటిదే వచ్చింది: ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీ మీద ఉన్న కూలీకి గాయాలయ్యాయి, ట్రాలీకి బీమా లేదు, ట్రాక్టర్ పాలసీ వ్యవసాయానికి మాత్రమే. చట్టప్రకారం కంపెనీ బాధ్యత లేదన్నారు. ఆ కూలీ పేదవాడని కంపెనీనే ముందు కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని తన ప్రత్యేక అధికారంతో కోర్టు ఆదేశించింది.

ఈ "ముందు కట్టు, తర్వాత వసూలు చేసుకో" అనేది చాలా కేసుల్లో వస్తుంది. బాధితుడికి మంచిదే. యజమానికి మాత్రం కంపెనీ నోటీసు ఇంటికి వస్తుంది, అందులో ఉండేది చలాన్ మొత్తం కాదు, ఒక మనిషి ప్రాణానికో కాలికో కట్టిన నష్టపరిహారం, వడ్డీతో సహా. పొలం అమ్ముకోవాల్సి రావొచ్చు.

కాబట్టి కూలీలని ఆటోలోనో, వ్యానులోనో పంపండి. ఆ ఖర్చు కూలి రేటులో కలుపుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. నాకంటే బాగా నడుపుతాడు. ఊళ్లో పొలం దాకా ట్రాలీతో వెళ్లిరావచ్చా?

వద్దు. ట్రాక్టర్‌కి 18 నిండాలి. మైనర్ రోడ్డు మీద నడుపుతూ నేరం చేస్తే సెక్షన్ 199ఎ కింద తండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పైగా పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. బాగా నడపడం వేరే సంగతి.

ప్రశ్న: లోడ్ వేసేది ఓనరు, పట్టుబడేది నేను. ఓవర్‌లోడ్ జరిమానా డ్రైవర్ కట్టాలా?

చట్టం ఇద్దర్నీ పట్టుకుంటుంది. నడిపినవాడినీ, నడిపించినవాడినీ. జీతానికి నడిపే డ్రైవర్ దొరికితే, ఆ లోడు సంగతి యజమానికి తెలిసే జరిగిందని కోర్టు అనుకోవచ్చని సెక్షన్ 113లోనే ఉంది, "నాకు తెలియదు" అని ఓనరు తప్పించుకోవడం తేలిక కాదు. సెక్షన్ 194 ప్రకారం జరిమానా 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2,000, ఎక్కువ లోడు దించే ఖర్చు కూడా మనదే. కాటా వేయించమంటే ఆపకుండా వెళ్లిపోతే 40,000. ట్రాలీ ఎంత మోయగలదో దాని ఆర్సీలో ఉంటుంది. డాలా పైకి చెక్కలు కట్టి ఎత్తు పెంచినా ఆ అంకె మారదు.

ఓనరు బలవంతపెడుతుంటే లోడ్ చేసిన చోట కాటా చీటీ ఫొటో తీసి ఆయనకే వాట్సాప్‌లో పంపండి. గొడవ పెట్టుకోకుండా రికార్డు మిగులుతుంది.

ప్రశ్న: మాది కాంట్రాక్టు పని. పికప్ వెనక హుక్కు వెల్డింగ్ చేయించి కాంక్రీట్ మిక్సర్ లాగాలనుకుంటున్నాం. లైసెన్సు మార్చాలా?

లైసెన్సు తర్వాత, ముందు ఆ హుక్కు. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా అదే చెప్పింది. బండితో వచ్చిన పుస్తకంలో ఎంత బరువు లాగొచ్చో ఉందా చూడండి. ఏమీ లేకపోతే ఆ బండి లాగడానికి చేసింది కాదనుకోండి, వెల్డింగ్ చేయించేముందే ఆర్టీవోలో అడగండి. చక్రాలున్న మిక్సర్ కూడా వెనక లాగితే ట్రాలీ లెక్కే, కాగితాలు అడుగుతారు.

కాగితాల కంటే ముందు ఇంకోటి. బ్రేకులు లేని బరువు వెనక ఉన్నప్పుడు దిగుడులో ముందు బండి బ్రేకు వేస్తే వెనకది ఆగదు, తోస్తుంది, కాస్త వంకరగా ఉంటే ముందు బండిని పక్కకి మెలితిప్పేస్తుంది. తేలికపాటి పికప్‌కి ఇది ట్రాక్టర్ కంటే ప్రమాదం. మిక్సర్‌ని లారీ మీదకెక్కించి పంపడం నయం.

ప్రశ్న: ట్రాలీకి లైట్లు తప్పనిసరా? ఎవరికీ ఉండవు కదా.

తప్పనిసరే. వెనక ఎర్ర లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. లైటు వైరు తెగిపోవచ్చు, బురద కప్పేయొచ్చు, అందుకని రిఫ్లెక్టర్ టేపు కూడా అతికించి వారానికోసారి గుడ్డతో తుడవండి. రాత్రి రోడ్డు మీద పంక్చరై ఆగిన ట్రాలీ వెనక నుంచి వచ్చే బైకువాడికి దగ్గరికి వచ్చేదాకా కనపడదు.

ప్రశ్న: ట్రాక్టర్ రోడ్డు మీద ఆగిపోతే ఇంకో ట్రాక్టర్‌తో తాడు కట్టి లాగొచ్చా?

రిపేరు షాపు దాకా లాగొచ్చు. ఆగిపోయిన బండి స్టీరింగ్ దగ్గర లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు, తాడో గొలుసో దూరం నుంచే కనపడేలా ఎర్రగుడ్డ కట్టండి. లోడుతో ఉన్న ట్రాలీని మాత్రం ముందు విప్పేసి, పక్కన చక్రాలకి రాళ్లు పెట్టి ఆపి, దాన్ని విడిగా తెచ్చుకోండి.